న్యూజెర్సీ నుంచి సియాటెల్‌కి క్యాంపర్ వ్యాన్‌లో, కుక్కతో: నేషనల్ పార్కులు కుదురుతాయా?

పండు_వాళ్ళమ్మ
జులై ఆఖరుకి ఇక్కడ లీజు అయిపోతోంది. సెప్టెంబర్ మొదట్లో మా ఆయన సియాటెల్‌లో కొత్త ఉద్యోగంలో చేరాలి. సామానంతా ట్రక్కులో పంపించేసి, మేమిద్దరం, మా పండు (ఐదేళ్ళ గోల్డెన్ రిట్రీవర్, 70 పౌండ్లు) ఒక క్యాంపర్ వ్యాన్ అద్దెకి తీసుకుని ఆగస్టంతా రోడ్డు మీదే ఉంటూ వెళ్దామని అనుకున్నాం. ఐ-90 హైవే పట్టుకుని బ్యాడ్‌లాండ్స్, మౌంట్ రష్మోర్, డెవిల్స్ టవర్, ఎల్లోస్టోన్, గ్రాండ్ టీటన్, ఆ వరసలో. నిన్న రాత్రి కూర్చుని ఒక్కో పార్కు రూల్స్ చదివితే అన్నింట్లోనూ ఒకటే మాట, ట్రైల్స్ మీదకి కుక్కల్ని రానివ్వరట. మా ఆయనేమో "వ్యాన్‌లో ఏసీ ఉంటుందిగా, పండుని అందులో పడుకోబెట్టి మూడు గంటలు నడిచి వచ్చేద్దాం" అంటున్నారు. ఆ మాట వింటేనే నాకు టెన్షన్. ఇలా దేశం ఈ చివర్నించి ఆ చివరికి కుక్కతో వెళ్ళినవాళ్ళుంటే చెప్పండి, వ్యాన్‌లో వదిలి వెళ్ళడం నిజంగా అయ్యే పనేనా, లేక పార్కుల మీద ఆశ వదులుకోవాలా? వాణ్ణి విమానంలో పంపించేయమని మాత్రం చెప్పకండి, అది జరగదు.

సూటిగా_సుబ్బు
ఎల్లోస్టోన్ జీవితంలో ఎన్నిసార్లు చూస్తారండీ? పార్కు చూసే రోజుల్లో పండుని బోర్డింగ్‌లో (డబ్బు తీసుకుని కుక్కల్ని ఉంచుకునే చోట) పెట్టండి. ప్రతి పెద్ద పార్కు పక్క ఊళ్ళో ఒకటి ఉంటుంది. కుక్కకీ సుఖం, మీకూ సుఖం.

చక్రాల_ఇల్లు
మీ ఆయనతో ముందు ఈ లెక్క చెప్పండి. అమెరికన్ వెటర్నరీ మెడికల్ అసోసియేషన్ వాళ్ళ పట్టిక ప్రకారం బయట 75 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉంటే ఆపిన కారు లోపల పది నిమిషాల్లో 94 అవుతుంది, అరగంటకి 109. అద్దం కొంచెం దించి పెట్టినా పెద్ద తేడా ఉండదు. 75 అంటే మనకి హాయిగా అనిపించే వాతావరణం, ఆగస్టులో బ్యాడ్‌లాండ్స్‌లో 90 దాటడం మామూలే.

"ఏసీ ఉంటుందిగా" అంటే ఏసీ ఉంటుంది, నిజమే. అది నడుస్తూ ఉంటుందా అన్నది అసలు ప్రశ్న. మేము మిస్సోరీలో ఒక క్యాంప్‌గ్రౌండ్‌లో కరెంటు ప్లగ్ చేసుకుని, ఏసీ వేసి, మా కుక్క రాకీని లోపల ఉంచి దగ్గర్లోనే లాండ్రీకి వెళ్ళాం. మధ్యాహ్నం అందరూ ఏసీలు వేసేసరికి వోల్టేజ్ పడిపోయి బ్రేకర్ కొట్టేసింది. లోపల పెట్టిన టెంపరేచర్ మానిటర్ ఫోన్‌కి మెసేజ్ పంపింది కాబట్టి పరిగెత్తుకొచ్చాం, వాడికేమీ కాలేదు. ఆ మానిటర్ పనిచేసేది సెల్ సిగ్నల్ మీద. లాండ్రీ దగ్గర సిగ్నల్ ఉంది. ఎల్లోస్టోన్‌లో చాలా చోట్ల ఉండదు. మెసేజ్ వ్యాన్ నుంచి బయల్దేరాలి, మీ ఫోన్‌కి చేరాలి, రెండు చోట్లా సిగ్నల్ ఉండాలి. మూడు గంటల నడకలో మీరు వ్యాన్‌కి గంటన్నర దూరంలో ఉంటారు, మెసేజ్ వచ్చినా ఏం చేస్తారు?

పండు_వాళ్ళమ్మ
@చక్రాల_ఇల్లు ఇది యథాతథంగా ఆయనకి ఫార్వర్డ్ చేస్తున్నాను.

@సూటిగా_సుబ్బు పండు షెల్టర్ నుంచి వచ్చినవాడు. బోర్డింగ్‌లో ఒక రాత్రి ఉంచితే అన్నం ముట్టలేదు. పగటిపూట డేకేర్ అయితే ఆలోచిస్తాను.

పండు_వాళ్ళ_నాన్న
మా ఆవిడ ఫార్వర్డ్ చేశాక నేనే ఇక్కడ అకౌంట్ తెరిచాను. నాకు పండు మీద ప్రేమ లేదని ఎవరూ అనుకోవద్దు, రాత్రి వాడు పడుకునేది నా కాళ్ళ మీదే. నేను అడిగేది ఒకటే, మంచి లిథియం బ్యాటరీ ఉన్న వ్యాన్ తీసుకుంటే ప్లగ్‌తో పనిలేదు కదా? బ్రేకర్ గొడవే ఉండదు.

రెండు_చివావాలు
దంపతులిద్దరూ ఒకే థ్రెడ్‌లోకి వచ్చేశారు 😄 పండుకి కూడా ఒక అకౌంట్ తెరవండి, వాడి ఓటు కూడా తీసుకుందాం.

వోల్ట్_వాసు
@పండు_వాళ్ళ_నాన్న బ్రో, లెక్క చూద్దాం. 12 వోల్టుల లిథియం బ్యాటరీ 400 ఆంపియర్-అవర్లు ఉంటే సుమారు 5 కిలోవాట్-అవర్లు. పైకప్పు మీద ఉండే మామూలు 13,500 బీటీయూ ఏసీ ఇన్వర్టర్ మీద నడిస్తే 1,300 వాట్లకి తక్కువ లాగదు, కంప్రెసర్ ఆగకుండా తిరిగే ఎండలో మూడు మూడున్నర గంటలు, అంతే. నేరుగా 12 వోల్టుల మీద నడిచే కొత్త రకం ఏసీలు అందులో సగమే తింటాయి, ఆరేడు గంటలు రావచ్చు. కానీ అద్దె వ్యాన్‌లలో ఎక్కువగా ఉండేది 100, 200 ఆంపియర్-అవర్లే. అది ఫ్రిజ్‌కి, లైట్లకి, ఫ్యాన్‌కి. 200 వాట్ల సోలార్ ప్యానెల్ మంచి ఎండ రోజంతా కాస్తే ఒక కిలోవాట్-అవర్ ఇస్తుంది, అంటే ఏసీకి ముప్పావుగంట. "సోలార్ ఉంది, ఆఫ్-గ్రిడ్ వ్యాన్" అని ప్రకటనలో రాస్తే ఏసీ కూడా దాని మీదే నడుస్తుందని అనుకోవద్దు. చాలా అద్దె వ్యాన్‌లలో ఆపినప్పుడు నడిచే ఏసీయే ఉండదు, ఇంజిన్ ఏసీ ఒక్కటే. బుక్ చేసే ముందు ఈ ఒక్క ప్రశ్నా అడగండి: ఇంజిన్ ఆపి, ప్లగ్ తీసేసి ఉంటే ఏసీ ఎన్ని గంటలు నడుస్తుంది?

పైకప్పు ఫ్యాన్ ఉంటే అదృష్టమే, గంటకి తినేది చాలా తక్కువ. కానీ ఫ్యాన్ బయటి గాలిని లోపలికి తెస్తుంది, బయటికంటే చల్లగా చెయ్యదు.

మిన్నెసోటా_మామయ్య
మీరందరూ ఏసీ దగ్గరే ఆగిపోయారు. కుక్కతో వెళ్ళేవాళ్ళకి నేషనల్ పార్క్ కాదమ్మా, పక్కనే ఉండే నేషనల్ ఫారెస్ట్ ముఖ్యం. పార్కుల్ని చూసుకునేది పార్క్ సర్వీస్, ఫారెస్టులు వ్యవసాయ శాఖ కింద ఉండే ఫారెస్ట్ సర్వీస్ చేతిలో ఉంటాయి. రూల్స్ పూర్తిగా వేరు. ఫారెస్టు ట్రైల్స్ మీద చాలావరకు కుక్కని తీసుకుపోవచ్చు, క్యాంప్‌గ్రౌండ్‌లలో పట్టీ ఆరడుగులు మించకూడదు. అవే కొండలు, అవే చెట్లు, జనం మాత్రం పదో వంతు ఉండరు.

మీ దారిలోనే చెప్తా వినండి. బ్యాడ్‌లాండ్స్‌కి ఆనుకునే బఫెలో గ్యాప్ నేషనల్ గ్రాస్‌ల్యాండ్ ఉంది, కుక్కతో తిరగొచ్చు. బ్లాక్ హిల్స్ నేషనల్ ఫారెస్ట్ ఉంది. రష్మోర్ లోపల కుక్క పార్కింగ్ దాటి పెద్దగా ఎక్కడికీ వెళ్ళలేదు, కానీ అక్కడికి దగ్గర్లోనే మికెల్సన్ ట్రైల్ ఉంది, పాత రైలు పట్టాలు తీసేసి వేసిన 109 మైళ్ళ కంకర దారి, పెద్ద ఎక్కుడు లేదు, మా ముసలి బీగిల్ కూడా హాయిగా నడిచింది. కస్టర్ స్టేట్ పార్కులో చాలా ట్రైల్స్ మీద పట్టీతో తీసుకుపోవచ్చు, అడవిదున్నలకి మాత్రం దూరంగా ఉండండి. అక్కడి నీడిల్స్ హైవే మీదకి వ్యాన్ తీసుకుపోవద్దు, సొరంగం వెడల్పు ఎనిమిదడుగులకి అటూ ఇటూ, అద్దాలు తగులుతాయి.

ఇంకొకటి. ఆగస్టు మొదట్లో స్టర్జిస్ మోటార్‌సైకిల్ ర్యాలీ ఉంటుంది. లక్షల మంది బైకుల మీద వస్తారు, బ్లాక్ హిల్స్ అంతా రాత్రీ పగలూ ఒకటే చప్పుడు, క్యాంప్‌సైట్ దొరకదు. షెల్టర్ నుంచి వచ్చిన కుక్క అంటున్నారు. ర్యాలీ అయిపోయాకే అటు వెళ్ళండి.

పండు_వాళ్ళమ్మ
స్టర్జిస్ సంగతి మాకు అస్సలు తెలీదు మామయ్యగారూ! సరిగ్గా ఆ వారమే మా ప్లాన్‌లో బ్లాక్ హిల్స్ ఉంది. పండుకి బైకు చప్పుడు పడదు, మంచం కింద దూరతాడు.

మిన్నెసోటా_మామయ్య
అయితే ఆ వారం పైకి రండి. ఐ-80 మీద ఒహాయో దాకా వెళ్ళి మిషిగన్ గుండా ఉత్తరానికి తిరిగి, మాకినాక్ వంతెన దాటి అప్పర్ పెనిన్సులా, అక్కణ్ణించి సుపీరియర్ సరస్సు గట్టు వెంట డులూత్. ఆగస్టులో దేశమంతా మాడుతుంటే సరస్సు పక్కన రాత్రిళ్ళు దుప్పటి కావాలి. మిన్నెసోటా స్టేట్ పార్కుల ట్రైల్స్ మీద కుక్కలకి అనుమతి ఉంది, గూస్‌బెర్రీ జలపాతాలు, టెట్టెగూచీ చూడండి. ఆ మాకినాక్ వంతెన ఐదు మైళ్ళుంటుంది, గాలి ఎక్కువగా ఉన్న రోజు ఎత్తు వాహనాలని ఆపుతారు, పొద్దున్నే ఫోన్‌లో చూసుకుని బయల్దేరండి.

పిల్లి_కుక్క_నర్సు
నేను జంతువుల ఆస్పత్రిలో పనిచేస్తాను, ఆ వైపు నుంచి కొన్ని మాటలు. మామయ్యగారు చెప్పిన దారి చల్లగా ఉంటుంది కానీ మిషిగన్, విస్కాన్సిన్, మిన్నెసోటా అంతా పిడుదుల దేశం, అవి కుడితే వచ్చే లైమ్ జబ్బు న్యూజెర్సీలోలాగే అక్కడా ఎక్కువ. బయల్దేరే ముందే పిడుదుల మందు, గుండెపురుగు మందు వేయించండి. దోమ కుడితే వచ్చే గుండెపురుగు ఇప్పుడు అన్ని రాష్ట్రాల్లోనూ ఉంది. రేబీస్ సర్టిఫికెట్ కాగితం ఒకటి వ్యాన్‌లో, ఒకటి ఫోన్‌లో. మైక్రోచిప్ ఉంటే సరిపోదు, అందులో మీ కొత్త ఫోన్ నంబర్ ఉందో లేదో చూడండి. చిప్‌లో పాత ఫోన్ నంబర్ ఉండిపోయి మా దగ్గర వారం పది రోజులు ఉండిపోయే కుక్కలున్నాయి, చూస్తే ఏడుపొస్తుంది.

ఆగస్టులో నిలవ నీళ్ళు చాలా ప్రమాదం. చెరువు మీద ఆకుపచ్చ పెయింట్ ఒలికినట్టు కనిపిస్తే అది నీలి-ఆకుపచ్చ శైవలం, అంటే విషపు నాచు, ఆ నీళ్ళు తాగిన కుక్క కొన్ని గంటల్లో పోవచ్చు. రిట్రీవర్లు నీళ్ళు కనిపిస్తే ఆగవు, అందుకే చెప్తున్నా. పశ్చిమానికి వెళ్ళాక ఎండిపోయిన గడ్డిలో ఫాక్స్‌టెయిల్ ముళ్ళు ఉంటాయి, వేళ్ళ మధ్య, చెవిలో, ముక్కులో దూరి ముందుకే పోతాయి తప్ప వెనక్కి రావు. రోజూ రాత్రి పాదాలు, చెవులు తడిమి చూడండి. తారు రోడ్డు మీద మీ అరచేయి వెనక భాగం ఏడు సెకన్లు ఆనించి ఉంచలేకపోతే వాడి పాదాలూ ఉండలేవు.

రెండు_చివావాలు
వంట సంగతి కూడా చెప్పండి నర్సుగారూ. వ్యాన్‌లో స్టవ్ పక్కనే కుక్క పడక ఉంటుంది, మన వంటల్లో ఉల్లిపాయ లేని రోజు ఎక్కడ.

పిల్లి_కుక్క_నర్సు
మంచి మాట గుర్తుచేశారు. ఉల్లి, వెల్లుల్లి ఎర్రరక్తకణాలని దెబ్బతీస్తాయి, వండినా, పొడి చేసినా అంతే. ద్రాక్ష, కిస్‌మిస్ కిడ్నీలకి. పాయసం గిన్నె నాకనివ్వకండి. చక్కెర లేని చూయింగ్ గమ్‌లో జైలిటాల్ ఉంటుంది, అది అన్నిటికంటే వేగంగా పనిచేస్తుంది, డ్రైవింగ్‌లో నిద్ర రాకుండా చాలామంది అదే నమిలి డబ్బా తలుపు అరలో పెడతారు. కుక్క ముక్కు ఎత్తు సరిగ్గా అంతే.

సూటిగా_సుబ్బు
ఇన్ని జాగ్రత్తలు చదివితే అసలు ఎందుకు వెళ్ళడం అనిపిస్తోంది. మీరు పార్కుల కోసం వెళ్తున్నారా, కుక్క కోసమా? రెండూ అంటే రెండూ సగం సగం అవుతాయి. నేను ఎల్లోస్టోన్‌ని కుక్క లేకుండా చూశాను, ఒక్క క్షణం కూడా వృథా కాలేదు.

చక్రాల_ఇల్లు
@సూటిగా_సుబ్బు ఇక్కడ నేను ఒప్పుకోను. నెల రోజుల ప్రయాణంలో పార్కు లోపల నడిచే గంటలు ఎన్ని? మిగతాదంతా డ్రైవింగ్, వంట, సాయంత్రాలు, పొద్దున్న కాఫీలు. ఆ సమయమంతా కుక్క పక్కనుంటే ప్రయాణమే వేరు. మేము రోజుని రాకీ వేళల ప్రకారం కోసుకునేవాళ్ళం. తెల్లవారుజామున వాడి నడక, అప్పుడు డ్రైవింగ్, రెండు మూడు గంటలకోసారి ఆగడం, మధ్యాహ్నం ఎండలో కదిలే వ్యాన్‌లో ఇంజిన్ ఏసీ కింద వాడు నిద్రపోవడం, సాయంత్రం చెట్ల కింద మకాం. ఆపిన వ్యాన్‌లో కుక్క ఉండే మధ్యాహ్నం అంటూ లేకుండా చేస్తే సగం భయాలు పోతాయి. పార్కులో షిఫ్టులు వేసుకునేవాళ్ళం, తను ట్రైల్ మీదకి వెళ్తే నేనూ వాడూ పిక్నిక్ ఏరియా నీడలో, తర్వాత నేను. ఇద్దరూ కలిసి చూడలేదన్న వెలితి ఉంటుంది, కాదనను.

పండు_వాళ్ళ_నాన్న
షిఫ్టుల పద్ధతి నాకు నచ్చింది. వాసు గారి లెక్క చూశాక ఏసీ వాదన వదిలేశాను, ఆరేడు గంటలు నడిచే వ్యాన్ దొరికినా సిగ్నల్ లేని చోట వదిలి వెళ్ళం. కానీ ఎల్లోస్టోన్‌లో బోర్డ్‌వాక్ (వేడినీటి బుగ్గల పక్కన వేసిన చెక్క దారి) మీద పట్టీతో పట్టుకుని వెళ్తే ఏమవుతుంది, అంత కఠినంగా ఎందుకుంటారు?

బోజ్‌మన్_భాను
నేను ఎల్లోస్టోన్‌కి రెండు గంటల దూరంలో ఉంటాను కాబట్టి చెప్తా. అక్కడ కుక్క రోడ్డు, పార్కింగ్, క్యాంప్‌గ్రౌండ్ నుంచి 100 అడుగులు దాటకూడదు, బోర్డ్‌వాక్ మీద అసలే కుదరదు. 1981లో ఒక కుక్క వేడినీటి బుగ్గలో దూకితే, దాన్ని కాపాడదామని ఒక కుర్రాడు వెనకే దూకాడు. ఆ నీళ్ళు 200 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటి ఉన్నాయి. ఇద్దరూ పోయారు. కుక్కకి ఆవిరి వస్తున్న నీళ్ళకీ చెరువుకీ తేడా తెలీదు, పైగా రిట్రీవర్. రెండోది ఎలుగుబంట్లు. కుక్క మొరిగితే గ్రిజ్లీ దాన్ని తరుముతుంది, అది పరిగెత్తుకుంటూ మీ దగ్గరికే వస్తుంది.

నా సలహా, పార్కులో ఒకటిన్నర రోజు చాలు. మిగతా రోజులు చుట్టూ ఉన్న ఫారెస్టులకివ్వండి. బ్లాక్ హిల్స్ నుంచి యూఎస్-14 మీద వస్తే బిగ్‌హార్న్ నేషనల్ ఫారెస్ట్, కింద మైదానంలో మాడిపోతుంటే పైన చల్లగా ఉంటుంది. కోడీ దాటాక షోషోనీ, 1891లో ప్రకటించిన ఈ దేశపు మొట్టమొదటి ఫారెస్టు రిజర్వ్ అదే. అక్కడ ఎలుగుబంట్ల వల్ల కొన్ని క్యాంప్‌గ్రౌండ్‌లలో గట్టి గోడల వాహనాలకే అనుమతి. గుడ్డతో పైకి లేచే పాప్-టాప్ వ్యాన్ తీసుకుంటే వెనక్కి పంపుతారు, పైకప్పు కూడా గట్టిగా, ఎత్తుగా ఉండే హై-టాప్ తీసుకోండి. బేర్‌టూత్ హైవే 10,947 అడుగుల దాకా ఎక్కుతుంది, పైన చిన్న చిన్న సరస్సులు, ఆగస్టులో కూడా మంచు మచ్చలు. అదంతా ఫారెస్టు భూమే, పట్టీతో పండుని హాయిగా నడిపించొచ్చు. ఎల్లోస్టోన్ కంటే అదే నాకు ఇష్టం, ఎవరేమన్నా సరే.

సూటిగా_సుబ్బు
ఎల్లోస్టోన్ కంటేనా? అది ఎక్కువ చెప్పడం.

బోజ్‌మన్_భాను
ఆగస్టులో ఎల్లోస్టోన్‌లో ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ వేడినీటి బుగ్గ దగ్గర పార్కింగ్‌లో చోటు కోసం తిరిగాక మళ్ళీ మాట్లాడుకుందాం అన్నా.

పాత_కార్ల_పిచ్చి
సందర్భం వచ్చింది కాబట్టి ఒక చరిత్ర. ఈ దేశాన్ని కారులో మొట్టమొదట అడ్డంగా దాటిన ప్రయాణంలో కూడా కుక్క ఉంది! 1903లో హొరేషియో నెల్సన్ జాక్సన్ అనే డాక్టరు 50 డాలర్ల పందెం కాసి, సీవాల్ క్రాకర్ అనే మెకానిక్‌తో శాన్ ఫ్రాన్సిస్కోలో బయల్దేరి 63 రోజులకి న్యూయార్క్ చేరాడు. దారిలో ఐడహోలో బడ్ అనే బుల్‌డాగ్‌ని ఎక్కించుకున్నారు. పైకప్పు లేని వింటన్ కారు, రోడ్లు లేవు, దుమ్ముకి బడ్ కళ్ళు మండుతుంటే దానికీ కళ్ళద్దాలు పెట్టారు. ఆ కారు, ఆ కళ్ళద్దాలు ఇప్పుడు వాషింగ్టన్‌లో స్మిత్‌సోనియన్ మ్యూజియం వాళ్ళ దగ్గరున్నాయి. ఊరూరా జనం చూడ్డానికి వచ్చింది కారుతోపాటు ఆ కుక్కని కూడా.

పండు_వాళ్ళమ్మ
కళ్ళద్దాల ఫోటో వెతికి చూశాను, ఎంత ముద్దుగా ఉందో! పండుకి కూడా కొంటున్నాం, ఇది మాత్రం చర్చకి పెట్టట్లేదు.

వోల్ట్_వాసు
కళ్ళద్దాల కంటే ముందు క్రేట్ (కుక్కని ఉంచే గట్టి పెట్టె) కొనండి. వ్యాన్‌లో కుక్క ఖాళీగా తిరుగుతుంటే గట్టిగా బ్రేకు వేసినప్పుడు 70 పౌండ్లు ముందు సీటు వీపుకి వచ్చి గుద్దుతాయి. ముందు సీట్లో అయితే ఎయిర్‌బ్యాగ్ ప్రమాదం. సెంటర్ ఫర్ పెట్ సేఫ్టీ అనే లాభాపేక్ష లేని సంస్థ క్రేట్‌లని, హార్నెస్‌లని క్రాష్ టెస్ట్ చేసి జాబితా పెడుతుంది, అందులోంచి తీసుకోండి. అద్దె వ్యాన్‌లో క్రేట్‌ని కట్టడానికి నేలలో కొక్కేలున్నాయో లేదో ముందే అడగండి.

రెండు_చివావాలు
రోజంతా క్రేట్‌లోనా? పాపం. మావి సీటు బెల్టు హార్నెస్‌లో కిటికీ బయటికి చూస్తూ కూర్చుంటాయి, అది వాటికి సినిమా.

పిల్లి_కుక్క_నర్సు
క్రాష్ టెస్ట్ అయిన హార్నెస్ అయితే అదీ సరే. ఏదైనా బయల్దేరేలోపు అలవాటు చెయ్యండి, అన్నం అందులోనే పెట్టండి. ఇంకా నెల ఉంది కదా. వ్యాన్‌లో కడుపు తిప్పే కుక్కలకి డాక్టరు రాసే మాత్ర ఉంది, ఒకసారి ఇంటి దగ్గర తిరిగి చూసి కావాలేమో తేల్చుకోండి.

చక్రాల_ఇల్లు
అద్దె కాగితం మీద సంతకం పెట్టే ముందు రోజుకి ఎన్ని మైళ్ళు ఉచితమో చూడండి. మీ దారి నేరుగా వెళ్తేనే 2,800 మైళ్ళు దాటుతుంది, మిషిగన్ చుట్టు, ఎల్లోస్టోన్ తిరుగుడు కలిపితే 4,000కి తగ్గదు. వ్యాన్ ఇంకో ఊళ్ళో వదిలితే వేరే చార్జీ. మాకు ఒక అద్దె కంపెనీ కుక్క వెంట్రుకల పేరుతో డిపాజిట్‌లో పెద్ద ముక్కే కోసింది, ఎక్కిన రోజు లోపలంతా వీడియో తీసి ఉండటం వల్ల సగం వెనక్కి వచ్చింది. రిట్రీవర్ వెంట్రుకల సంగతి మీకు చెప్పక్కర్లేదు, పరుపు మీద మీ సొంత దుప్పట్లు పరిచేయండి.

బోజ్‌మన్_భాను
పొగ సంగతి ఎవరూ చెప్పలేదు. ఆగస్టులో మా మోంటానాలో, పక్కన ఐడహోలో అడవులు తగలబడని ఏడాది లేదు. ఎయిర్‌నౌ సైట్‌లో నిప్పు, పొగ మ్యాప్ ఉంటుంది, రోజూ పొద్దున చూడండి. గాలి ఎర్ర రంగులోకి వెళ్తే పండుని పరిగెత్తించొద్దు, మీరూ ఆ రోజు నడక మానేయండి. అందుకే ఐదారు రాత్రులు ఎక్కడా బుక్ చెయ్యకుండా ఖాళీగా ఉంచుకోండి, పొగ ఎటుంటే దానికి అవతలి వైపు పోవచ్చు.

పండు_వాళ్ళమ్మ
మేమిద్దరం రాత్రి మ్యాప్ ముందేసుకుని కూర్చున్నాం. ఇలా అనుకున్నాం: మొదటి పది పన్నెండు రోజులు మిషిగన్, సుపీరియర్ గట్టు, స్టర్జిస్ అయ్యాక బ్లాక్ హిల్స్, మికెల్సన్ ట్రైల్, బ్యాడ్‌లాండ్స్‌ని తెల్లవారుజామున వ్యాన్‌లోంచే. తర్వాత బిగ్‌హార్న్, షోషోనీ, బేర్‌టూత్. ఎల్లోస్టోన్‌లో ఒక రోజు పండుకి డేకేర్, సుబ్బు గారి మాట కూడా నెగ్గింది. డెవిల్స్ టవర్, టీటన్ తీసేశాం. ఆయన కొంచెం బాధపడ్డారు కానీ టీటన్ తీసేయమన్నది ఆయనే.

సూటిగా_సుబ్బు
డేకేర్ ఇప్పుడే బుక్ చెయ్యండి, ఆగస్టులో నిండిపోతాయి. బోర్డటెల్లా (కుక్కలకి అంటుకునే దగ్గు) టీకా కాగితం అడుగుతారు.

పండు_వాళ్ళ_నాన్న
ఇవాళే ఫోన్ చేస్తాను. చివర్లో ఇంకో ప్రశ్న, సియాటెల్ చేరాక రెండు మూడు రోజులు మిగులుతాయి. పండుకి సముద్రం చూపించాలని ఉంది. ఒలింపిక్ నేషనల్ పార్కులో కూడా కుక్కలు నిషేధమేనా?

మిన్నెసోటా_మామయ్య
మా అబ్బాయి అటువైపే ఉంటాడు, అక్కడ కొంచెం దయ ఉంది. కలాలాక్ దగ్గర బీచ్‌ల మీద పట్టీతో తీసుకుపోవచ్చు. రియాల్టో బీచ్‌లో ఎలెన్ క్రీక్ దాకా వెళ్ళొచ్చు, అది దాటాక కుదరదు. అలలతో పెద్ద పెద్ద దుంగలు కొట్టుకొస్తాయి అక్కడ, ఆటుపోట్ల వేళలు చూసుకుని నీళ్ళు వెనక్కి తగ్గినప్పుడే దింపండి.